సలహా ఇచ్చినవాళ్లు లేవాలి

ఆ విశ్వవిద్యాలయంలో ఏ పనికి ఏ తలుపు తట్టాలో తెలియనివాళ్లందరూ ముందుగా తట్టే తలుపు ఒకటుంది. పరిపాలనా భవనం కింది అంతస్తులో, జిరాక్స్ గది పక్కన, ఉద్యోగుల శిక్షణ విభాగం. లోపల కూర్చునే అధికారిణిని ఎదురుగా అందరూ ‘మేడమ్’ అంటారు, చాటున ‘జవాబులమ్మ’ అంటారు. ఆ చాటు పేరు సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి కోపం తెచ్చుకోకపోగా లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. సెలవు ఎలా పెట్టాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, పై అధికారి అలిగితే ఎలా దారికి తెచ్చుకోవాలి, ఏదైనా సరే, అడిగేవాళ్లు వాక్యం పూర్తి చేసేలోపే జవాబు తయారు. ఇంట్లో ఆవిడ అత్తగారు మాత్రం, “మా కోడలి నోటికి తాళం చేశారు గానీ తాళంచెవి చేయడం మర్చిపోయారు, అందుకే ఎప్పుడూ తెరిచే ఉంటుంది” అనేది. అత్తాకోడళ్లు ఇద్దరూ కలిసే నవ్వుకునేవాళ్లు.

మెంటరింగ్ పెట్టాలన్న ఆలోచన ఆవిడదే. ప్రమోషన్ వచ్చినవాళ్లకు ఆ విశ్వవిద్యాలయం ఒక కుర్చీ, ఒక తాళాల గుత్తి ఇచ్చి చేతులు దులుపుకునేది. నీళ్లలోకి తోసేస్తే ఈత అదే వస్తుందిలే అన్నది అక్కడి పద్ధతి. కొందరికి వచ్చేది, కొందరు గుటకలు మింగుతూ ఒడ్డు పట్టుకుని బతికేవాళ్లు. పని తెలిసిన పెద్దవాళ్లనీ పనిలో కొత్తగా పడ్డవాళ్లనీ జంటలుగా కలిపి, వారానికోసారి ఒక గదిలో కూర్చోబెడితే సగం గుటకలు తగ్గుతాయని ఆవిడ వాదన.

ఆ వాదనను రిజిస్ట్రార్ దగ్గరికి మోసుకెళ్లింది. ఆయన్ని అందరూ ‘చూద్దాం సారు’ అంటారు. ఏది చెప్పినా ‘చూద్దాం’ అనడమే తప్ప ఆయన చూసిన దాఖలాలు తక్కువ. ఆయన తప్పూ కాదు. ఆరంభశూరత్వానికి ఆ భవనం పెట్టింది పేరు. రిబ్బను కత్తిరించి తెరిచిన వ్యాయామం గదిలో ఇప్పుడు విరిగిన ఫ్యాన్లూ పాత చెక్క కుర్చీలూ వ్యాయామం చేస్తున్నాయి.

ఆయన అంతా విని, ఒక టర్ము పాటు, అర డజను జంటలతో చేసి చూడమన్నాడు. చివర్లో కమిటీ ముందు నేర్చుకున్నవాళ్లే వచ్చి మాట్లాడాలనీ, ఆవిడ నోరు విప్పకూడదనీ షరతు పెట్టాడు.

“వంట ఎలా ఉందో వండినవాళ్లు చెప్పకూడదమ్మా. తిన్నవాళ్లు చెప్పాలి” అన్నాడు.

వాళ్లు అక్కర్లేదంటే మెంటరింగ్‌తో పాటు శిక్షణ విభాగానికే తలుపులు మూస్తారు. పరీక్షల విభాగంలో ఒక మూల బల్ల వేసి ఆవిడను అక్కడికి పంపిస్తారు. ఆయన అది బెదిరింపుగా అనలేదు, ఫైళ్లు సర్దుకుంటున్నంత మామూలుగా అన్నాడు. ఆవిడ కూడా అంతే మామూలుగా ‘అలాగే సార్’ అని లేచింది. ఆవిడకు భయం వేయలేదు. తన వంట మీద తనకు అంత నమ్మకం.

నోటీసు పెట్టగానే సగం మంది వచ్చి ఏ పరీక్షకు కోచింగ్ ఇస్తున్నారని అడిగారు. వాళ్లకు నచ్చజెప్పి పంపేసరికి ఒక పూట గడిచింది. ఎలాగో జంటలు కుదిరాయి. అందులో అందరి కళ్లూ పడ్డ జంట, భౌతికశాస్త్రం పెద్ద ప్రొఫెసరూ ఆ శాఖలోనే కొత్తగా చేరిన లెక్చరరూ. పెద్దాయన్ని ‘గంట మాస్టారు’ అంటారు. పాఠం అయిపోయిందని గంట కొట్టడం వేరు, ఆయన ఆపడం వేరు. తర్వాతి క్లాసు మాస్టారు గుమ్మంలో నిలబడి దగ్గినా ఆయన చెయ్యి బోర్డు మీద నుంచి దిగేది కాదు. ఇక కుర్ర లెక్చరరు మంచి తెలివైనవాడే గానీ, క్లాసులో అతని గొంతు మూడో బెంచీ దాటేది కాదు.

ఆవిడ తన వంతుకు మహిళల హాస్టల్ వార్డెన్‌ను తీసుకుంది. వార్డెన్ ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. అదే హాస్టల్ ఆఫీసులో ఏళ్ల తరబడి గుమాస్తాగా పనిచేసి, ఈ మధ్యే వార్డెన్ అయింది. నిన్నటి దాకా ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుని తిన్న స్నేహితురాళ్లకు ఇవాళ పని చెప్పాల్సి వచ్చింది. చెబితే వాళ్లు మూతి ముడుస్తున్నారు, చెప్పకపోతే పని జరగడం లేదు. జవాబులమ్మకు ఇలాంటి చిక్కులంటే మహా ఇష్టం. చూడగానే జవాబులు వరసగా వచ్చి నిలబడ్డాయి.

మొదటి వారం జంటలు ఎలా కూర్చుంటున్నాయో చూద్దామని ఆవిడ గదులన్నీ చుట్టి వచ్చింది. గంట మాస్టారి గదిలో కనిపించిన దృశ్యానికి ముక్కున వేలేసుకుంది. ఆయన సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాడు. ‘బోధన, మొదటి భాగం’ అని శీర్షిక రాసి కింద గీత గీశాడు. కుర్ర లెక్చరరు నోట్సు రాసుకుంటున్నాడు. మొదట్లో ఆయన హాజరు కూడా పిలిచాడట, ఉన్న ఒక్కడినీ. చివర్లో ‘ఏవైనా సందేహాలా?’ అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, ‘లేవు కదా’ అని చేతులు దులుపుకున్నాడు.

మిగతా గదుల్లోనూ తీరు అదే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, మెంటర్లందరూ తిరిగే కుర్చీల్లో వెనక్కి వాలి చెబుతున్నారు, కొత్తవాళ్లు తలలు ఊపుతున్నారు. అవతలివాళ్ల చిక్కు ఏమిటో ఒక్కరూ అడగలేదు. ఇదే సాగితే మొదటికే మోసం వస్తుందని ఆవిడకు అర్థమైంది.

ఉపాయం ఇంట్లో దొరికింది. ఆవిడ అత్తగారు ఎప్పుడో ఒక చట్టం చేసింది: కూరకు వంక పెట్టినవాళ్లు మర్నాడు వండాలి. ఆ చట్టం వచ్చాక ఆ ఇంట్లో ఉప్పు తక్కువైన కూరలు కూడా అమృతంలా దిగిపోయేవి. బస్సు డిపోలో పనిచేసే ఆవిడ భర్త, అసలే మితభాషి, ఆ భయానికి భోజనం దగ్గర పూర్తిగా మౌనం పట్టాడు. ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ ఆవిడ ఒక్కసారిగా నవ్వింది. ఏమిటని అత్తగారు అడిగితే, ‘మీ చట్టం ఆఫీసుకు పట్టుకెళ్తున్నాను అత్తయ్యా’ అంది.

మర్నాడు వ్యాయామం గది నుంచి పాత చెక్క కుర్చీలు దించారు. ప్రతి జంట గదిలోనూ ఒక తిరిగే కుర్చీ, ఒక చెక్క కుర్చీ. మొదట తిరిగే కుర్చీలో మెంటర్ కూర్చోవచ్చు. కానీ అడగకుండా సలహా ఇస్తే లేచి చెక్క కుర్చీలోకి మారి, తిరిగే కుర్చీ కొత్తవాళ్లకు ఇవ్వాలి. ప్రశ్న అడిగి, జవాబు పూర్తిగా విన్నాకే మళ్లీ తిరిగే కుర్చీ. ‘లేవండి’ అనే హక్కు కొత్తవాళ్లది. చూడటానికి పిల్లల ఆటలాగే ఉంది గానీ, ఆ విశ్వవిద్యాలయంలో మనిషి స్థాయిని కుర్చీని బట్టే కొలుస్తారు. ఏ కుర్చీకి చేతులున్నాయి, ఏ కుర్చీ తిరుగుతుంది, దేని వీపు ఎంత ఎత్తు అన్న లెక్క అటెండర్ నుంచి డీన్ దాకా అందరికీ కంఠతా వచ్చు. అందుకని దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది.

గంట మాస్టారు ఆ వారం కూర్చున్నంతసేపూ చెక్క కుర్చీలోనే ఉన్నాడు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. నోరు తెరిస్తే సలహా, మూస్తే ఉక్కపోత. నడుం పట్టేసిందని ఫిర్యాదు చేయడానికి వచ్చి, ఆవిడ గదిలో నిలబడే మాట్లాడాడు, కూర్చోమంటే వద్దన్నాడు. కానీ పంతం కలవాడు. తరవాతి వారం ఒక ప్రశ్న అడిగాడు. దాని తరవాతి వారం ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా బల్ల అంచు పట్టుకుని ఆగాడు. క్లాసులో ఏ నిమిషంలో గొంతు తగ్గుతోందని ఆయన అడిగితే, కుర్రాడు చాలాసేపు ఆలోచించి, తనకంటే తెలివైన ముఖం ఏదైనా మొదటి బెంచీలో కనిపించినప్పుడని చెప్పాడట. ఆ సంగతి అతనికీ అప్పుడే తెలిసింది. ఆ తరవాత అతని గొంతు వారానికో బెంచీ చొప్పున వెనక్కి పాకింది.

ఈ కబుర్లన్నీ ఆవిడ ఇంట్లో అభినయించి మరీ చెప్పేది. ‘లేవండి మాస్టారూ’ అనే ఘట్టం దగ్గర అత్తగారు కళ్లు తుడుచుకునేంతగా నవ్వేది.

ఇక వార్డెన్ సంగతి. జవాబులమ్మ గదిలోనూ రెండు కుర్చీలు ఉన్నాయి. తిరిగే కుర్చీలో ఆవిడ, చెక్క కుర్చీలో వార్డెన్. పాత స్నేహితురాళ్లతో ఎలా మాట్లాడాలో, ఏ మాట ముందు, ఏ మాట తర్వాత అనాలో ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పేది. వార్డెన్ ‘సరే మేడమ్’ అనేది. వెళ్లి చేసేది. ఫలించేది కూడా. అందుకని మరో సలహా, మళ్లీ ‘సరే మేడమ్’. వారంలో ఒక గంట చాలక ఫోన్లు మొదలయ్యాయి. వంటమనిషి సెలవు అడిగింది, ఇవ్వమంటారా? మెట్ల దగ్గర బల్బు మార్చాలి, ముందు ఎవరికి చెప్పాలి? ఆవిడ కూరగాయలు తరుగుతూ చెప్పేది, బస్సులో చెప్పేది, కూతురు తన చదువు గురించి ఏదో చెప్పబోతుంటే ‘ఒక్క నిమిషం’ అని ఆపి మరీ చెప్పేది.

“ఆ హాస్టల్ ఆ అమ్మాయి నడుపుతోందా, నువ్వు నడుపుతున్నావా?” అని ఒకరోజు అత్తగారు అడిగింది.

ఆవిడ నవ్వి ఊరుకుంది. గురివింద తన కింద నలుపు ఎరగదట. గదులన్నీ తిరిగి ఎవరు ఏ కుర్చీలో ఉన్నారో చూసే మనిషికి, తన గదిలో కుర్చీ ఒక్కసారైనా మారలేదన్న సంగతి తట్టనే లేదు. వార్డెన్ ‘లేవండి’ అనలేదు కాబట్టి తాను లేవాల్సింది ఏమీ చేయలేదనే అనుకుంది.

కమిటీ రెండు రోజుల్లో ఉందనగా చూద్దాం సారు వరండాలో ఎదురై, ఒక మాట చెప్పాడు. కొత్తగా కట్టిన పెద్ద హాస్టల్‌ను వార్డెన్‌కు ఇద్దామనుకున్నాడట. ఆమె తనవల్ల కాదని చెప్పేసిందట.

“మీ దగ్గర నేర్చుకుంటున్న మనిషే కదమ్మా” అని, మిగతాది అనకుండా వెళ్లిపోయాడు.

ఆవిడ తిన్నగా గదికి వచ్చి, వార్డెన్‌ను పిలిపించింది. పెద్ద హాస్టల్ ఎందుకు తీసుకోవాలో చెప్పింది. రిజిస్ట్రార్ దగ్గరికి మళ్లీ వెళ్లి ఏమని మాట మార్చుకోవాలో చెప్పింది. ఆ ఊపులోనే, కమిటీ ముందు వార్డెన్ ఏం మాట్లాడితే బాగుంటుందో కూడా మొదలుపెట్టింది.

“మేడమ్, ఒక్కసారి లేస్తారా?” అంది వార్డెన్.

కిటికీ వేయమంటోందేమో అనుకుని ఆవిడ కిటికీ వైపు చూసింది. వార్డెన్ కూడా లేచి నిలబడింది.

“నేను ఆ కుర్చీలో కూర్చోవాలి మేడమ్.”

ఆవిడ లేచింది. వచ్చి చెక్క కుర్చీలో కూర్చుంది. దాని మేకు ఒకటి పైకి లేచి ఉంది. టర్మంతా ఆ మేకు మీద ఒక మనిషిని కూర్చోబెట్టానన్న సంగతి మేకు గుచ్చుకున్నాకే తెలిసింది.

వార్డెన్ తిరిగే కుర్చీలో వాలకుండా, అంచున కూర్చుని చెప్పింది. ఒకరోజు పొద్దున పై అంతస్తులో పైపు పగిలిందట. మెట్ల మీదుగా నీళ్లు ధారగా దిగుతున్నాయి. ఏ వాల్వు కట్టాలో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు, ఎన్నేళ్ల నుంచో పనిచేస్తున్న చోటు. అయినా చెయ్యి వాల్వు మీదికి పోలేదు, ఫోను మీదికి పోయింది. మేడమ్ ఏదో మీటింగులో ఉండి ఎత్తలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆమె నీళ్లలో నిలబడిపోయింది. అమ్మాయిలందరూ ఆమె ముఖం వైపే చూస్తున్నారు. చివరికి వంటమనిషి పరుగున వచ్చి వాల్వు కట్టింది.

“అప్పుడు భయమేసింది మేడమ్. నీళ్లకి కాదు, నన్ను చూసి నాకే. మీరు చెప్పినవన్నీ మంచివే. అన్నీ పనిచేశాయి కూడా. కానీ అవి చేస్తూ చేస్తూ నాకు తెలిసినవి కూడా మిమ్మల్ని అడిగే చేస్తున్నాను. చిన్న హాస్టల్లోనే ఇలా ఉంటే, పెద్దదాంట్లో ఎన్నిసార్లు ఫోన్ చేస్తాను?”

ఆవిడ నోటి దాకా జవాబులు వచ్చాయి, ఎప్పటిలాగే వరసగా. వాటిని ఆపడానికి ఆవిడ కుర్చీ అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. గంట మాస్టారి నడుం నొప్పి మీద తను వేసిన జోకులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే, ఎదురుగా ఉన్న మనిషిని తను ఇన్ని వారాలూ ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగలేదని కూడా తెలిసింది. ఇందాక కూడా పెద్ద హాస్టల్ ఎందుకు తీసుకోవాలో చెప్పింది, ఎలా తీసుకోవాలో చెప్పింది, అడిగిందేమీ లేదు.

“నీకు ఆ హాస్టల్ కావాలా?” అని అడిగింది.

పక్కగదిలో జిరాక్స్ మిషను ఒక దొంతర పూర్తి చేసి ఆగింది. మళ్లీ మొదలైంది. ఆవిడ కదలలేదు.

“కావాలి” అంది వార్డెన్. మళ్లీ తనే, “చాలా కావాలి మేడమ్” అంది.

ఆ తర్వాత ఆపకుండా మాట్లాడింది. కొత్త హాస్టల్‌కు ఎవరిని తీసుకెళ్లాలో, పాత స్నేహితురాళ్లలో ఎవరి మూతి ముడుపు వెనక అలక ఉందో, ఎవరి వెనక నిజంగానే పని భారం ఉందో, వాళ్లతో ఏ పూట ఏం మాట్లాడాలో చెప్పింది. అందులో రెండు మూడు చోట్ల ఆవిడకు నచ్చలేదు. ఒకచోట తన సలహాకు పూర్తిగా ఎదురుగా ఉంది. నోరు తెరిచింది, మూసుకుంది. వింటూ వింటూ ఉండగా ఆవిడకు సంతోషం వేసింది. ఎప్పుడూ జవాబు చెప్పాక వేసే సంతోషం కాదు, ఇది వేరు.

కమిటీ ముందు ఏం చెబుతావని అడగాలని, వార్డెన్ గుమ్మం దాటేదాకా ఆవిడకు అనిపిస్తూనే ఉంది. అడగలేదు.

కమిటీ రోజు పొడవాటి బల్లకు ఒక చివర చూద్దాం సారు, ఇంకో చివర ఆవిడ. ఒప్పందం ప్రకారం నోరు కట్టుకుని కూర్చుంది. ముందుగా కుర్ర లెక్చరరు లేచి, గది చివరి దాకా వినపడేలా మాట్లాడాడు.

“మాస్టారు నాకు దాదాపు ఏమీ చెప్పలేదు సార్. అదే నాకు పనికొచ్చింది” అన్నాడు.

బల్లంతా నవ్వింది. అందరికంటే గట్టిగా మాస్టారు నవ్వాడు. మిగతావాళ్లూ బాగానే చెప్పారు. చివర్లో వార్డెన్ లేచింది. పైపు పగిలిన పొద్దుటి సంగతి దాచకుండా చెప్పింది. టర్మంతా చెక్క కుర్చీలోనే కూర్చున్నాననీ, తిరిగే కుర్చీలో కూర్చుంది ఒక్కసారేననీ, నేర్చుకున్నదంతా ఆ ఒక్కసారిలోనేననీ చెప్పి కూర్చుంది.

చూద్దాం సారు కళ్లజోడు తీసి, బల్లకు ఇవతలి చివర వైపు చూశాడు.

“మాట మీ మీదికే వచ్చిందమ్మా. షరతు పక్కన పెడతాను. మీరేమంటారు?”

పరీక్షల విభాగంలో మూల బల్ల ఆవిడ కళ్లముందు కదిలింది. సర్దిచెప్పడానికి కావలసిన మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఎంత మంచి మాటలంటే, అవి అంటే కమిటీ మొత్తం తల ఊపేది.

“వండినదాన్ని సార్, నేను చెప్పకూడదు. ఆవిడనే అడగండి” అంది.

ఆయన అడిగాడు. వార్డెన్ ఈసారి లేవకుండానే చెప్పింది.

“ఇది ఆగకూడదు సార్. పెద్ద హాస్టల్ నేను తీసుకుంటాను. వచ్చే టర్ములో ఒక కొత్త మనిషికి మెంటర్‌గా కూడా ఉంటాను, చెక్క కుర్చీ నాకు అలవాటే. ఇంకొక్కటి. మెంటర్ లేనిది మేడమ్‌కి ఒక్కరికే. ఆవిడకీ ఒకరిని ఇవ్వండి.”

చూద్దాం సారు కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆ బల్ల దగ్గర ఎన్నో ఏళ్లుగా కూర్చున్నవాళ్లు ఆ మాట కోసం ఎదురుచూశారు, కానీ ఆయన చూద్దామనలేదు.

“కానివ్వండి” అన్నాడు.

కొత్త టర్ము మొదటి వారం, ఆవిడ తనకు మెంటర్‌గా కుదిరిన గంట మాస్టారి గదికి వెళ్లింది. ఆయన అప్పటికే చెక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఎవరూ లేవమనకుండానే. తిరిగే కుర్చీ దుమ్ము తుడిచి ఆవిడ వైపు తిప్పి పెట్టాడు. బోర్డు ఖాళీగా ఉంది.

“చెప్పమ్మా” అన్నాడు.

ఆవిడ కూర్చుని, ముందు వార్డెన్ సంగతి ఎత్తింది. వారం రోజులుగా ఒక్క ఫోనూ రాలేదంది. తలుపు తట్టేవాళ్లు కూడా తగ్గారంది, చిక్కులన్నీ జంటల్లోనే తేలిపోతున్నాయట. తను కోరింది ఇదేనంది. చెబుతూ చెబుతూ ఆగింది.

“అందరికీ ఎవరి జవాబులు వాళ్లకు దొరికితే, ఇంక నేనెందుకు మాస్టారూ?”

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. బయట గంట కొట్టింది. వరండాలో పిల్లల అడుగుల చప్పుడు నిండి, మెల్లగా ఖాళీ అయింది. తర్వాతి గదిలో ఎవరో పాఠం మొదలుపెట్టారు. గంట మాస్టారు అలాగే, ఒక్క మాట కూడా లేకుండా, ఆవిడ కోసం ఆగి కూర్చున్నాడు.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

“ఆలోచించి చెబుతాను” అంది. ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు.